ఆ నేల తనవాణ్ణి గుర్తుపడుతుందా? ఫ్రెంచ్ నవలల్లో టోటెమ్‌లు, పితరులు, సొంత ఊరు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: ఎం.ఏ. డిసర్టేషన్ కోసం ఫ్రెంచ్‌లో వచ్చిన ఆఫ్రికా, కరీబియన్ నవలలు చదువుతున్నారు. ఏ పుస్తకం తెరిచినా పాములు, మొసళ్లు, చెట్లు, చనిపోయినవాళ్లు కథలోకి వచ్చేస్తున్నారు. దీన్ని మ్యాజిక్ రియలిజం (మామూలు జీవితంలో అద్భుతాలు సహజంగా జరిగిపోయే కథన పద్ధతి) అనాలా, ఆనిమిజం (చెట్టుకీ జంతువుకీ నదికీ ప్రాణం, ఆత్మ ఉన్నాయన్న భావన) అనాలా? మనిషి గుర్తింపుకీ దీనికీ లంకె ఎక్కడ ఉంది? ఏ పుస్తకాలు పెట్టుకుంటే పని అవుతుంది?

"ఈ పాత్రలు ఆత్మల్ని నమ్ముతున్నాయా" అని మొదలుపెట్టారంటే చాప్టర్ రెండు పేజీల్లో అయిపోతుంది. నమ్ముతాయి, ఇంకేం రాస్తారు? ఈ నవలలు చాలా ఏళ్లుగా పాఠం చెప్తున్న అనుభవంతో చెప్తున్నాను, ప్రశ్నని తిప్పి అడగండి: ఈ నది, ఈ చెట్టు, ఈ ఊరు ఆ మనిషిని తనవాడిగా గుర్తుపడుతున్నాయా? ఇక్కడ మనిషి ఎవరన్నది అతని మనసులో తేలే విషయం కాదు. అతను పుట్టిన చోటు తేల్చాలి. అందుకే ఈ కథల్లో అసలు పరీక్షంతా ఊరు వదిలి వెళ్లేటప్పుడో, తిరిగి వచ్చేటప్పుడో జరుగుతుంది. ఆ రెండు ఘట్టాల దగ్గర ఆగి చదవండి.

కమారా లాయేతో మొదలుపెట్టండి. 1953లో వచ్చిన 'లాన్‌ఫాన్ న్వార్', అంటే నల్ల పిల్లాడు. గినీలో నైజర్ నది ఒడ్డున కురుస్సా అనే ఊరు. తండ్రి కమ్మరం, కంసాలి పని రెండూ చేస్తాడు. పాము నోట్లో రెల్లుపుల్ల దూరుస్తూ నవ్వుకుంటున్న పసివాడితో పుస్తకం మొదలవుతుంది. పెద్దవాళ్లు కేకలేసి వాణ్ణి అవతలికి లాగేస్తారు, ఇంకెప్పుడూ పాములతో ఆడొద్దంటారు. కొన్నాళ్లకి ఒక చిన్న నల్లపాము తండ్రి కొలిమి వైపు పాక్కుంటూ వస్తుంది. ఈసారి తల్లి చెప్పేది వేరు: దీన్ని మాత్రం కొట్టకూడదు, ఇది మీ నాన్నగారి రక్షకదైవం. తండ్రి దాన్ని చేత్తో నిమురుతాడు. తర్వాత కొడుకుని కూర్చోబెట్టి చెప్తాడు: మన వంశాన్ని కాసేది ఇదే, మొదట కలలో కనిపించింది, రేపు జరగబోయేది ముందే చెప్తుంది, నా పేరు, నా పనితనం దీని చలవే. అంతా చెప్పి చివర్లో తన దిగులు బయటపెడతాడు. నువ్వు బడికి వెళ్తున్నావు, రేపు ఇంకా పెద్ద బడికి వెళ్తావు, నా దగ్గర ఉండాల్సినంత కాలం ఉండవేమో.

తర్వాత బంగారం కరిగించే ఘట్టం ఉంది. అది రెండుసార్లు చదవండి. ఒకావిడ సిగిరి ప్రాంతంలో ఇసుక కడిగి తీసిన బంగారం పట్టుకుని వస్తుంది, నగ చేయమని. ఊరికే రాదు, వంశకీర్తి పాడే గ్రియోని వెంటబెట్టుకుని వస్తుంది. అతను కోరా వాయిస్తూ తండ్రి పూర్వీకుల్ని ఒక్కొక్కరినే పేరుపెట్టి పొగుడుతుంటే తండ్రి కాదనలేకపోతాడు. మూస నిప్పుల్లో పెడతారు, తిత్తులు ఊదుతారు, కాసేపటికి అందరూ మాట్లాడడం ఆపేస్తారు. తండ్రి పెదవులు మాత్రం కదులుతుంటాయి, మాట బయటికి వినపడదు. నిప్పుని, గాలిని, బంగారాన్ని ఏలే శక్తులని తప్ప ఆ క్షణంలో ఇంకెవర్ని పిలుస్తాడు అనుకుంటాడు పిల్లాడు. బంగారం ముట్టాలంటే ముందుగా ఒళ్లూ మనసూ శుద్ధిగా ఉంచుకోవాలి, అది నియమం. వృత్తి ఎక్కడ ఆగి భక్తి ఎక్కడ మొదలైందో ఈ సీన్‌లో విడదీయలేరు. విడదీయాలని చూడకండి కూడా.

తల్లిది ఇంకో కథ. ఆవిడ టోటెమ్, అంటే వంశానికి చుట్టంగా భావించే జంతువు, మొసలి. వరదొచ్చి నైజర్ పొంగినప్పుడు మొసళ్లు ఒడ్డుకి దగ్గరగా వస్తాయి, ఊరివాళ్లు నదిలోకి దిగరు. ఆవిడ మాత్రం మామూలుగానే వెళ్లి నీళ్లు ముంచుకొస్తుంది. పిల్లాడు దూరం నుంచి కళ్లారా చూస్తాడు. ఇదంతా చెప్పాక రచయిత రెండు వాక్యాల్లో ఒక మాట అనేసి ముందుకెళ్లిపోతాడు: లోకం మారిపోతోంది, ఎంతగా అంటే నాకూ ఒక టోటెమ్ ఉంది, అదేమిటో నాకు తెలియదు.

మీ డిసర్టేషన్‌కి కేంద్రం ఆ రెండు వాక్యాలే. టోటెమ్ పోలేదు, ఉంది. తెలుసుకునే వయసుకి అతను ఇంట్లో లేడు. కొనాక్రిలో టెక్నికల్ స్కూల్, తర్వాత ఆటోమొబైల్ ఇంజినీరింగ్ శిక్షణ కోసం ఫ్రాన్స్. పుస్తకం రాసింది కూడా అక్కడే, కురుస్సాకి దూరంగా.

ఈ పుస్తకం మీద కామెరూన్ రచయిత మోంగో బెతీ విరుచుకుపడ్డాడు, మీ గైడ్ తప్పకుండా అడుగుతారు కాబట్టి తెలుసుకోండి. దేశం వలసపాలనలో నలుగుతుంటే ఈ పాములూ అమ్మ ప్రేమా ఏమిటి, ఇది పారిస్ పాఠకుల కోసం రాసిన గులాబీరంగు సాహిత్యం అన్నాడు. నా లెక్కలో ఆయన మాట సగం నిజం. వలస అధికారి ఈ పుస్తకంలో దాదాపు కనిపించడు, అది లోటే. కానీ వలసపాలన చేసిన నష్టం మాత్రం ఆ టోటెమ్ వాక్యంలో ఉంది. బెతీ దాన్ని చూసీ చూడనట్టు వదిలేశాడనిపిస్తుంది. ఇంకో సంగతి కూడా మీ చెవిన వేస్తున్నాను. లాయే పుస్తకాలు, ముఖ్యంగా రెండో నవల, పూర్తిగా అతనే రాశాడా అన్న వివాదం పరిశోధకుల్లో ఉంది. ఒక ఫుట్‌నోట్ పెట్టి వదిలేయండి, అందులోకి దిగితే ఏడాది గడిచిపోతుంది.

ఇంకొక జాగ్రత్త. లాయే కుటుంబం ముస్లిం కుటుంబం. కొడుకు కొనాక్రి బయల్దేరేటప్పుడు తల్లి కాంకాన్ అనే పట్నం నుంచి ఒక సీసా తెప్పిస్తుంది. పలక మీద ఖురాన్ వాక్యాలు రాసి, ఆ రాతని కడిగిన నీళ్లలో తేనె కలిపినది. తాగితే చదువు బాగా వస్తుందని. కాబట్టి "ఆనిమిజం" అని ఒక గడీ, "ఇస్లాం" అని ఇంకో గడీ గీసి పాత్రల్ని సర్దకండి. ఇంట్లోవాళ్లే అలా సర్దుకోలేదు.

ఈ విషయాన్ని మొహమాటం లేకుండా ఎగతాళి చేసినవాడు ఐవరీ కోస్ట్ రచయిత ఆమదు కురుమా. 'లే సొలెయ్ దెజ్ ఆందెపాందాన్స్', స్వాతంత్ర్యాల సూర్యులు. పారిస్ ప్రచురణకర్తలు వద్దంటే 1968లో మాంట్రియల్ యూనివర్సిటీ ప్రెస్ వేసింది, 1970లో గానీ పారిస్‌లో స్యూయ్ వేయలేదు. అందులో తొగొబాలా అనే పల్లె గురించి కురుమా అనేదేమిటంటే, నలుగురిలో అందరూ ముస్లింలమే అంటారు, ఒంటరిగా ఉన్నప్పుడు ప్రతివాడూ ఫెటిష్‌కి, అంటే మహిమ ఉందని నమ్మే వస్తువుకి, భయపడతాడు.

నవల మొదటి పేజీలోనే కోనే ఇబ్రహీమా అనే మలింకే జాతి (పశ్చిమ ఆఫ్రికాలోని ఒక జాతి) మనిషి రాజధానిలో చనిపోతాడు. అతని నీడ లేచి, 2,000 కిలోమీటర్లకి పైగా ఉన్న సొంత పల్లెకి కన్నుమూసి తెరిచేలోపు వెళ్లి, తన చావు కబురు తానే చెప్పి, మళ్లీ తన అంత్యక్రియలు చూసుకోవడానికి రాజధానికి తిరిగొస్తుంది. కురుమా దీన్ని బస్సు టైమింగ్ చెప్పినట్టు చెప్తాడు. మీరు నమ్మట్లేదు కదా, అయితే వినండి అని పాఠకుణ్ణి కొంచెం ఆటపట్టిస్తాడు కూడా. కథానాయకుడు ఫామా హోరోదుగు ప్రాంతాన్ని ఏలిన దుంబుయా రాజవంశంలో ఆఖరివాడు, చిరుత అతని టోటెమ్. ఇప్పుడు పట్నంలో చావు ఇళ్లకి తిరిగి, వాళ్లిచ్చే పదీ పరకతో బతుకుతున్నాడు. స్వాతంత్ర్యం వచ్చాక అతని హోరోదుగు రెండు దేశాల మధ్య ముక్కలైపోయింది.

ముగింపు కోసమైనా ఈ నవల చదవాలి. జైలు నుంచి బయటపడిన ఫామా చచ్చినా తొగొబాలాలోనే చావాలని బయల్దేరతాడు. సరిహద్దు మూసేశారు. వంతెన మీద గార్డులు ఆపుతారు. నా తాతముత్తాతల నేలకి వెళ్లడానికి నాకు కాగితం కావాలా అని అతని కోపం. కింద నదిలో పవిత్రమైన మొసళ్లు. హోరోదుగు మొసళ్లు దుంబుయా వంశపు ఆఖరి బిడ్డని ముట్టే సాహసం చేయవు అన్న నమ్మకంతో దూకేస్తాడు. మొసలి పట్టుకుంటుంది. గార్డు తుపాకి పేలుతుంది.

ఇక్కడ చాలామంది విద్యార్థులు "పాత నమ్మకం ఓడిపోయింది" అని రాసి పేజీ తిప్పేస్తారు. కానీ కురుమా వెంటనే ఇంకో సంగతి చెప్తాడు. పవిత్రమైన మొసలి ఊరికే ఎవరి మీదా పడదు. పితరులు పంపితేనే పడుతుంది, అదీ కట్టుబాటు తప్పినవాణ్ణో, పెద్ద మాంత్రికుణ్ణో, పెద్ద నాయకుణ్ణో చంపడానికి. మరి ఫామా వీళ్లలో ఎవరు? తప్పు చేసినవాడా, నాయకుడా? కురుమా తేల్చడు. ఏం జరిగిందో ముందు అర్థమైంది అక్కడి పక్షులకీ అడవి జంతువులకీ, మనుషులకి కాదు. బతికుండగా ఏ ప్రభుత్వమూ గుర్తించని రాకుమారుణ్ణి చంపే క్షణంలో నది గుర్తుపట్టిందని కూడా చదువుకోవచ్చు. నా మొగ్గు ఆ వైపే. తొగొబాలాకి ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉండగానే అతని ప్రాణం పోతుంది.

లాయే తల్లి మొసలినీ ఫామా మొసలినీ పక్కపక్కన పెట్టండి. ఆవిడ ఊరు కదల్లేదు, అదే నది, అవే మొసళ్లు, ప్రమాదం లేదు. ఫామా ఊరు వదిలాడు, మధ్యలో ఒక గీత గీశారు, పాత ఒప్పందం ఇంకా చెల్లుతుందో లేదో ఎవరికీ తెలియదు. ఈ ఒక్క పోలిక మీద ఒక చాప్టర్ నిలబడుతుంది.

తిరిగి రావడం గురించి రాయాలంటే బిరాగో డియోప్ కథ 'సార్జాన్' చాలు. 1947 నాటి 'ఆమదు కుంబా కథలు' సంపుటిలో ఉంది. ఫ్రెంచ్ సైన్యంలో సార్జెంటుగా చేసిన తియెమోకో కీతా తన పల్లె దుగుబాకి తిరిగొస్తాడు, ఊరివాళ్లని నాగరికులుగా మార్చాలన్న పట్టుదలతో. పూజలని వెక్కిరిస్తాడు, పవిత్రమైన వస్తువుల మీద చెయ్యి చేసుకుంటాడు. పిచ్చివాడైపోతాడు. ఆ పిచ్చిలో అతని నోటి నుంచి వచ్చే పాటే ఇవాళ ఫ్రెంచ్ పాఠ్యపుస్తకాల్లో విడి కవితగా కనిపించే 'సూఫ్ల్': చచ్చిపోయినవాళ్లు భూమి కింద లేరు, కదిలే చెట్టులో, పారే నీటిలో ఉన్నారు. ఆ కవితని చాలామంది ఓదార్పుగా కోట్ చేస్తారు. కథలో అది ఓదార్పు కాదు. పితరులు ఒక సైనికుణ్ణి పట్టుకుని, అతను కాదన్న మాటల్నే అతని చేత అనిపిస్తున్నారు. విడి కవితగా కాక కథలో పెట్టి చదవండి, ఒళ్లు జలదరిస్తుంది. రాసినవాడు చదువుకున్న పశువైద్యుడు, ఊరూరా తిరిగిన ఉద్యోగి అని కూడా గుర్తుంచుకోండి.

హైతీకి వస్తే జాక్ రుమాన్ రాసిన 'గువెర్నర్ ద లా రోజే' (మంచును ఏలేవాళ్లు), 1944. ఇది తప్పనిసరి, ఎందుకంటే ఇందులో కథానాయకుడు నమ్మడు. మాన్యుయెల్ 15 ఏళ్లు క్యూబాలో చెరకు కొట్టి సొంత ఊరు ఫోన్‌రూజ్‌కి తిరిగొస్తాడు. చెట్లు నరికేశారు, ఊరు ఎండిపోయింది, భూమి తగాదాలో రక్తం చిందించుకుని జనం రెండు వర్గాలయ్యారు. కొడుకు తిరిగొచ్చాడని తల్లిదండ్రులు దారులు తెరిచే లెగ్బాకి మొక్కు తీరుస్తారు. డప్పులు, బలి, ఓగూ అనే దేవుడు మనిషి మీదికి రావడం, రాబోయే రక్తపాతాన్ని పాటలో చెప్పడం. మన జాతర్లలో పూనకం చూసినవాళ్లకి ఈ సీన్ ఏ వివరణా లేకుండా అర్థమైపోతుంది, ఫ్రెంచ్ విద్యార్థులకి ఎంత చెప్పినా అర్థం కాదు. మాన్యుయెల్ కూడా ఆ రాత్రి అందరితో కలిసి ఆడతాడు. తర్వాత ప్రియురాలు అన్నాయిజ్‌తో అంటాడు: పెద్దల ఆచారాలంటే నాకు గౌరవమే, కానీ కోడి రక్తంతోనో మేక రక్తంతోనో రుతువులు మారవు.

మరి అతన్ని ఆనిమిజం చాప్టర్‌లో ఎందుకు పెట్టాలి? అతను భూమితో మాట్లాడే తీరు చూడండి. ఈ నేలే నేను, ఇది నా రక్తంలో ఉంది, దీని రంగే మన ఒంటికి అంటింది అంటాడు. అడవి పావురాలు ఎగిరే దిక్కు పట్టుకుని వెళ్లి ఒక పెద్ద మర్రిజాతి చెట్టు మొదట్లో తవ్వుతాడు, తడి తగులుతుంది. దేవుళ్లని పక్కన పెట్టినా, నేల ప్రాణమున్నదన్న భావం మాత్రం వదల్లేదు. రుమాన్ కమ్యూనిస్టు, 1934లో హైతీ కమ్యూనిస్టు పార్టీ పెట్టినవాడు. అదే మనిషి 1941లో హైతీ ఎథ్నాలజీ బ్యూరోని స్థాపించాడు. అప్పట్లోనే కాథలిక్ చర్చి ప్రభుత్వ అండతో "మూఢనమ్మకాల నిర్మూలన" ఉద్యమం నడుపుతోంది. హైతీ ప్రజల సంప్రదాయ మతమైన వొడు డప్పులు తగలబెట్టారు, దేవతలు ఉంటారనుకునే చెట్లు నరికించారు. రుమాన్ దానికి వ్యతిరేకంగా రాశాడు. ఈ నేపథ్యం తెలిశాక నవలలో నరికిన చెట్లూ ఎండిన ఊరూ మామూలు వర్ణనలా కనిపించవు.

మ్యాజిక్ రియలిజం గురించి అడిగారు. ఆ లేబుల్ వాడకపోవడమే మంచిది. అది లాటిన్ అమెరికాతో ముడిపడిపోయింది. పైగా హైతీవాళ్లకి సొంత వాదన ఉంది, 1956లో పారిస్‌లో జరిగిన నల్లజాతి రచయితల, కళాకారుల తొలి మహాసభలో జాక్ స్టెఫెన్ అలెక్సిస్ హైతీ ప్రజల అద్భుత వాస్తవికత గురించి మాట్లాడాడు, అది వెతికి చదవండి. ఆనిమిజం అన్న మాట వాడొచ్చు. కాకపోతే 1871లో మానవశాస్త్రవేత్త టైలర్ దాన్ని ఆదిమ మతం అన్న అర్థంలో ప్రచారం చేశాడు, ఆదిమం కింద, నాగరికం పైన అనే ఆ మెట్ల వరస మీ పేపర్‌లోకి రాకుండా చూసుకోండి. ఫ్రెంచ్ మానవశాస్త్రవేత్త ఫిలిప్ డెస్కోలా 2005 నాటి పుస్తకం ఒకటి చదివితే థియరీ చాప్టర్‌కి సరిపోతుంది. అంతకు మించి థియరీ పెట్టకండి, నవలలు ఊపిరాడక చస్తాయి.

కొత్తవాళ్లలో అలాన్ మబాంకు 'మెమ్వార్ ద పోర్‌కెపిక్' 2006లో రెనోదో బహుమతి తెచ్చుకుంది. ఒక మనిషికి "చెడు జంట"గా, అంటే అతని తరఫున హాని చేసే జంతురూపంగా, పుట్టిన ముళ్లపంది, యజమాని చనిపోయినా తాను చావకుండా మిగిలిపోయి, తన కథంతా బావోబాబ్ చెట్టుకి చెప్పుకుంటుంది. పుస్తకం మొత్తంలో ఫుల్‌స్టాప్ లేదు. సరదాగా ఉంటుంది, తెలివైన పుస్తకమే, కానీ మీ ప్రశ్నకి పైపైన తగులుతుంది. లెయొనోరా మియానో 'లా సేజోన్ ద లోంబ్ర్' అలా కాదు. 2013 ఫెమినా బహుమతి. ములోంగో అనే తెగలో ఒక రాత్రి మంటలు లేస్తాయి, తెల్లారేసరికి 12 మంది మగవాళ్లు కనపడరు. బానిసల వ్యాపారం గురించిన నవల, కానీ ఆ మాట అక్కడి మనుషులకి తెలియదు. కొడుకులు కనపడని తల్లుల్ని ఊరు విడిగా ఒక గుడిసెలో పెడుతుంది. చనిపోయారని తెలిస్తే కర్మ చేయొచ్చు, బతికున్నారంటే ఎదురుచూడొచ్చు, రెండూ కాకపోతే? ఒక తల్లి, ఎయాబె, జాడ వెతుక్కుంటూ సముద్రం దాకా నడుస్తుంది. పితరుల నేల లేనిచోట చచ్చినవాళ్లు ఎవరికి పితరులవుతారు అన్న ప్రశ్నకి మియానో కన్నా బాగా రాసినవాళ్లని నేను చదవలేదు. దీని పక్కన రుమాన్‌ని మళ్లీ తెరవండి. హైతీ వొడులో చనిపోయినవాళ్లు వెళ్లేది నీళ్ల కింద ఉన్న గినీకి. లాయే పుట్టింది ఆ పేరుతోనే ఉన్న దేశంలో.

ఒక అభ్యంతరం వస్తుంది: ఇదంతా రక్తసంబంధం, పుట్టుక గురించేనా, బయటివాళ్లకి చోటు లేదా? దానికి జవాబుగా క్యూబెక్ నుంచి మిషెల్ జాన్ రాసిన 'కుకుమ్' (2019) పెట్టుకోండి. రచయిత తన ముత్తవ్వ జీవితం మీద రాశాడు. ఆ ముత్తవ్వ ఆల్మాండా తెల్లజాతి అనాథ, ఇన్నూ (క్యూబెక్‌లోని ఒక ఆదివాసీ జాతి) యువకుణ్ణి పెళ్లాడి పెకువాకామి సరస్సు నుంచి పెరిబోంకా నది వెంట పైకి, అడవిలోకి వెళ్లి వేట, భాష, దారులు అన్నీ నేర్చుకుని ఇన్నూ మనిషే అయిపోతుంది. పుట్టుకతో రానిది నేల నేర్పింది. తర్వాత కలప కంపెనీలు నరికిన దుంగలతో ఆ నది నిండిపోతుంది, పైకి వెళ్లే దారి పోతుంది. దేవుళ్లు, ఆత్మలు పెద్దగా కనిపించని పుస్తకం ఇది. కానీ ఆ నది మూసుకుపోయినప్పుడు వాళ్లకి పోయింది రవాణా సౌకర్యం కాదని పాఠకుడికి ఎవరూ చెప్పక్కర్లేదు.

ఇక నా సొంత సలహా, మీ గైడ్‌కి నచ్చకపోవచ్చు: ఒక్క ఫ్రాన్స్ నవల చేర్చండి. జాన్ జియోనో 'కొలీన్', 1929. ప్రొవాన్స్ కొండల్లో నాలుగు ఇళ్ల పల్లె. గోంద్రాన్ అనే రైతు తోటలో తవ్వుతూ ఒక బల్లిని పారతో నుజ్జు చేస్తాడు. ఎర్రటి మాంసం, రక్తం చూసి చెయ్యి ఆగిపోతుంది. ఇదీ నాలాగే రక్తమున్నది కదా, మరి నేను రోజూ నరికే చెట్టు? ఈ కొండ? కొండ మొత్తం ప్రాణంతో ఉండి కోపంగా ఉంటే? కొన్నాళ్లకి ఊట ఎండిపోతుంది, తర్వాత కార్చిచ్చు వస్తుంది. మంచాన పడ్డ ముసలి జానెతే ఇదంతా చేయిస్తున్నాడని ఊరివాళ్లు అతన్ని చంపేద్దామనుకుంటారు. ఇది చేరిస్తే "ఆనిమిజం అంటే ఆఫ్రికా" అన్న అభిప్రాయం మీ పేపర్‌లో మొదటి పేజీకే పోతుంది. గైడ్ మరీ ఒప్పుకోకపోతే ముందుమాటలో ఒక పేరాగా పెట్టండి.

చదివే వరస: మీ ఫ్రెంచ్ ఇంకా బి1 (మధ్యస్థాయి) దగ్గరే ఉంటే లాయే, తర్వాత 'సార్జాన్', తర్వాత రుమాన్. లాయే వాక్యాలు తేలిక, నిఘంటువు పెద్దగా అక్కర్లేదు. కురుమా ఫ్రెంచ్‌ని మలింకే మాటతీరుకి వంచి రాస్తాడు కాబట్టి కష్టంగా ఉంటుంది, మొదటి 30 పేజీలు గట్టిగా పైకి చదవండి, లయ దొరుకుతుంది. మియానో చివరికి ఉంచుకోండి. చదువుతున్నప్పుడు ప్రతి పుస్తకానికీ ఒక పేజీ విడిగా పెట్టుకుని నాలుగు సంగతులు రాసుకోండి: ఏ జంతువుని తినకూడదు లేదా చంపకూడదు, చనిపోయినవాళ్లని ఎక్కడ పెట్టారు, ఊరు వదిలేముందు ఎవరెవరికి చెప్పి వెళ్లారు, తిరిగొస్తే మొదట పలకరించింది మనిషినా, చెట్టునా, నదినా. సినాప్సిస్‌కి కావాల్సింది ఆ పేజీల్లోనే దొరుకుతుంది. ఎక్కడైనా చిక్కుపడితే ఇక్కడే రాయండి, ఫామా ముగింపు మీద మీరు నాతో విభేదిస్తే మరీ సంతోషం.